బరంపురం వీధుల్లో కెమెరా

బరంపురంలో ఫొటోలు తియ్యాలంటే ఎండ ముదరకముందే బడాబజార్ చేరుకోవాలి. అప్పడాల కట్టలు, పచ్చళ్లు, పట్టుచీరల దుకాణాలు. బేరం ఒడియాలో మొదలై తెలుగులో తెగుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ఊరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది మరి.

పాతవీధుల్లో తెలుగు మాట్లాడే దేరా నేతకారుల ఇళ్లున్నాయి. గుడి గోపురాలు వరస కట్టినట్టుండే ‘ఫొడా కుంభ’ అంచు వీళ్ల పనితనమే. బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా మగ్గాలు తగ్గిపోతున్నాయి. అందుకే నాకు చీర కంటే నేసే చేతుల ఫొటో ముఖ్యం. తెగిన పోగును రెండు వేళ్లతో ముడేసి, మళ్లీ నాడె విసురుతారు చూడండి, అది తియ్యాలి. ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుగు చాలు.

గుమ్మంలోనే “అమ్మా, ఒక ఫొటో తీసుకోవచ్చా?” అని అడగండి. వద్దంటే దండం పెట్టి ముందుకు సాగండి. సరేనంటే మాత్రం, తర్వాత ఓ ప్రింటు వేయించి వాళ్ల చేతికివ్వండి. మీ దగ్గరుంచుకునే ప్రింటు వెనకాల తేదీ, వీధి పేరు, వాళ్లు ఒప్పుకుంటే నేసినవారి పేరు రాసిపెట్టుకోండి.