సీలేరు నీళ్లు, అత్తిలి దాళ్వా

గోదావరి డెల్టాలోని మా అత్తిలి చేలల్లో రెండో పంట వరి, అంటే దాళ్వా, గట్టెక్కేది మన్యం కొండల దయవల్ల. వేసవి ముదిరేకొద్దీ గోదావరి సన్నబడుతుంది. అప్పుడు, కొండల్లో వానాకాలం కురిసి జలాశయాల్లో నిలిచిన నీళ్లే సీలేరు టర్బైన్లు తిప్పి, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో పడి, ధవళేశ్వరం మీదుగా మన పంటబోదెల్లోకి వస్తాయి. 1852 నాటికే ధవళేశ్వరం దగ్గర ఇంజనీరు కాటన్ ఆనకట్ట కట్టేశాడు కదా, ఇంకా రుతువులతో పనేమిటి అనొచ్చు. ఆనకట్ట నీటిని మళ్లిస్తుందే గాని పుట్టించదుగా! పైన వాన తగ్గిన ఏడు ఇక్కడ వంతులవారీ తడులు, శివారు చేలల్లో నెర్రెలు. ఈ లెక్క కొండవాళ్లకు మనకన్నా బాగా తెలుసు: తొలకరికి ముందు భూమి పండుగ చేసిగాని విత్తనం చల్లరు. మూఢనమ్మకం అనేవారుంటారు, నాకైతే అది అదును తప్పనివ్వని కట్టుబాటు. మనకూ నీటి విషయంలో అలాంటి కట్టుబాటే కావాలి. రైతు సోదరులారా, చేను తడిశాక తూము మూసెయ్యండి. దిగువన శివారు రైతు ఎదురుచూస్తున్నాడు.