కనబడని బిగింపు

కాయకము గొప్పదని చెప్పుటకు మనలో ఎవ్వరును వెనుదీయరు. ఆ మాట వినబడని సభ లేదు. కాని ఇంటి వసారాలో పాత సైకిలు నిలిచియుండి, దానిని ముట్టుకొన్నచో చేతికి నల్లని గ్రీజు అంటునని తెలిసినప్పుడు ఆ గొప్పతనము కొంత వెనుకకు తగ్గును. పిల్లవానిని పంపి వీధి చివరి మెకానిక్కును పిలిపింతుము. ఇది సోమరితనమా, పెద్దరికమా, లేక ఆ పనివానికి నాలుగు రూపాయలు దక్కవలెనన్న ధర్మబుద్ధియా? విచారించి చూడగా ఈ మూడును కొంచెము కొంచెముగా కలిసియే యుండును.

తన సైకిలు హ్యాండిలును తానే విప్పి తానే బిగించుకొనుట గృహస్థునకు తగునా అనునది చిన్న ప్రశ్న వలె తోచవచ్చును. టైరులో గాలి తగ్గినచో చక్రము చెప్పును. గొలుసు వదులైనచో చప్పుడు చెప్పును. హ్యాండిలు బిగింపు మాత్రము చెడువరకు ఏమియు చెప్పదు. అందుచేత ఆ పనిలోని ధర్మము మిగిలిన మరమ్మతులలోని ధర్మము కంటె సూక్ష్మమైనది.

మన ఇబ్రహీంపట్నములో, కొండపల్లి దారిలో, నేటికిని తిరుగుచున్న పాత నల్ల సైకిళ్ళను చూడుడు. 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాసు ఉత్పత్తి 2020 జూన్‌లో నిలిచిపోయినను, ఆ సైకిళ్ళు నిలిచిపోలేదు. వాటి హ్యాండిలునకు క్రిందివైపు ఒక గొట్టము కలదు. దానినే స్టెమ్ము అందురు. ఆ గొట్టము ఫోర్కు గొట్టములోనికి దిగియుండును. పైనుండి లోపలికి ఒక పొడవైన బోల్టు, దాని అడుగున శంఖాకారముగల నట్టు ఉండును. బోల్టును తిప్పినకొలది ఆ నట్టు పైకి లాగబడి, చీలికగల స్టెమ్ము అడుగును విప్పార్చి, ఫోర్కు గొట్టము గోడలకు అదిమిపెట్టును. హ్యాండిలును పట్టి ఉంచునది అదియే. అది మన కంటికి కనబడదు.

విప్పునప్పుడు మొదట కడ్డీ బ్రేకుల కీలు వదులు చేయవలెను. తరువాత పై బోల్టును నాలుగైదు చుట్లు మాత్రమే తిప్పి, దాని తలపై కొయ్యముక్క నుంచి సుత్తితో మెల్లగా కొట్టవలెను. బోల్టు దిగిపోయినచో లోపలి నట్టు విడివడినదని గుర్తు. తొందరపడి బోల్టును పూర్తిగా ఊడదీసినవారికి నట్టు లోపల ఉండిపోయి, సగము రోజు వృథా యగును. త్రుప్పు పట్టి స్టెమ్ము కదలనప్పుడు ముందు చక్రమును కాళ్ళ నడుమ బిగించి బలముకొలది మెలిపెట్టరాదు, ఫోర్కు వంగును. కొంచెము నూనె పోసి ఒక రాత్రి ఓర్చుకొనవలెను. ఓర్పు చాలనివాడు ఈ పనికి పూనుకొనకుండుటయే మేలు.

తిరిగి బిగించునప్పుడు స్టెమ్మును తుడిచి, పలుచగా గ్రీజు పూసి దింపవలెను. లేనిచో మరల త్రుప్పు పట్టి అతుకుకొనును. స్టెమ్ము మీద అడ్డగీతలు గీయబడియున్నచో అవి పైకి కనబడరాదు. గీతలు లేని పాతవానికి రెండున్నర అంగుళములైనను లోపల ఉండుట క్షేమము. పొడుగాటి కుర్రవానికి అనువుగా ఉండవలెనని హ్యాండిలును పైపైకి లాగి బిగించు ఇండ్లను ఎన్నియో చూచితిని. నాలుగు వేళ్ళ ఎత్తు కొరకు పిల్లవాని పండ్లను పణముగా పెట్టుట ఏమి పొదుపు?

ఎంత బిగించవలెను? ఈ ప్రశ్న నాకు మిక్కిలి ఇష్టమైనది. మరీ బిగించినచో ఫోర్కు గొట్టమే ఉబ్బి చెడును. వదులుగా ఉన్నచో మలుపులో చక్రమొకవైపు, హ్యాండిలొకవైపు పోవును. సవారీలో ఎన్నడును కదలరాదు గాని, సైకిలు పడిపోయినప్పుడు మాత్రము హ్యాండిలు కొంచెము తిరిగి లొంగవలెనని పాత పనివారు చెప్పుదురు. ఆ హద్దు చేతికి తెలియవలసినదే. పానా పట్టిన చేయి నెలల తరబడి నేర్చుకొన్న దానిని నా వంటి పండితుడు ఒక వాక్యములో పాఠకునకు అందించలేడు.

కొండపల్లి బొమ్మలు చేయువారు తెల్లపొణికి కొయ్యతో అవయవములు చెక్కి, చింతగింజల ముద్దలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుదురు. పైన రంగు పడిన తరువాత అతుకు కనబడదు. ఆ అతుకు చెడినచో బొమ్మ చేయి ఊడును, పిల్ల ఏడ్చును, అంతే. సైకిలు అతుకు చెడినచో పడునది పిల్లయే. మన ఊరి ఫెర్రీ వద్ద 2017 నవంబరు 12న పడవ బోల్తాపడి ఇరువది మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆ పడవకు అనుమతి లేదు. ఎక్కినవారిలో ఎవ్వరును అడుగుపలకలను తట్టి చూచి ఎక్కలేదు, చూడగలవారును కారు. ఎక్కించువాని మాట మీదనే ఎక్కిరి. పన్నెండవ శతాబ్దిలో అంబిగర చౌడయ్య పడవ నడుపుటను కాయకముగా స్వీకరించెను. ఆయన శరణుల నడుమ కూర్చుండి చెప్పిన మాటలను మనము తలచుకొందుము గాని, ఒడ్డున నిలిచి ఆయన పడవను నమ్మి ఎక్కినవారిని ఎన్నడైనను తలచితిమా?

ఇప్పటి గేర్ల సైకిళ్ళలో అమరిక వేరు. అందు స్టెమ్ము ఫోర్కు గొట్టమును వెలుపలినుండి పట్టుకొనును. నెత్తిన కనబడు బోల్టు స్టెమ్మును పట్టదు. అది లోపలి బేరింగుల వదులును సరిచేయుటకే. నిజముగా పట్టునవి ప్రక్కనున్న రెండు చిన్న బోల్టులు. తెలియనివాడు నెత్తి బోల్టునే బలముగా బిగించి నిశ్చింతగా పోవును. హ్యాండిలును పట్టు ముందరి మూతకు సాధారణముగా నాలుగు బోల్టులుండును. వాటిని మూలకు మూలగా, కొంచెము కొంచెముగా, సందు అన్నివైపుల సమానముగా ఉండునట్లు బిగించవలెను. ఎంత బలమో స్టెమ్ము మీదనే అచ్చువేయుదురు. చదువుకొన్నవారము గదా, అదైనను చదువవలెను.

ఇక మెకానిక్కు కూలి మాట. ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపుగింజలు ఏరు కాయకము చేయువాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినందుకు లక్కమ్మ ఆయనను మందలించి, అధికమును తిరిగి పోసి రమ్మన్న కథ మనకందరకును తెలిసినదే. తన సైకిలును తాను బాగుచేసికొనుటలో నాకు దోషమేమియు కనబడదు. తన శరీరమును మోయు యంత్రమును ఎరిగియుండుట మంచిదే. కాని పని నేర్చిన ఉత్సాహములో వీధిలోని సైకిళ్ళన్నింటిని ఉచితముగా బిగించిపెట్టు పింఛనుదారులు కొందరు కలరు. దానిని వారు సేవ యందురు. చెట్టు క్రింద గాలిపంపు పెట్టుకొని కూర్చున్నవాని ఒడిలో పడవలసిన గింజలను ఏరుకొనుట అది. పైగా ఆ బిగింపునకు జవాబుదారి ఎవరు? కూలి తీసికొన్నవానిని తిరిగి అడుగవచ్చును. ఉచితముగా చేసినవానిని అడుగుటకు నోరు రాదు. ఉపకారము ఆ నోటిని కట్టివేయును.

అయినను ఒక పని మాత్రము ఎవరు బిగించినను ఇంటివారు చేయదగినది. దానికి నేర్పు అక్కరలేదు. సైకిలునకు ఎదురుగా నిలిచి, ముందు చక్రమును మోకాళ్ళ నడుమ పట్టి, హ్యాండిలును రెండు చేతులతో అటునిటు తిప్పి చూడవలెను. మితమైన బలమునకు కదలరాదు. పిమ్మట రెండు పిడులపై బరువు మోపి నొక్కవలెను. బ్రేకులు రెండును పట్టి చూడవలెను. తొమ్మిదవ తరగతి ఆడపిల్ల ప్రొద్దున్నే పెద్ద రోడ్డు మీద లారీల ప్రక్కగా బడికి పోవు ఊరు మనది. ఈ మూడింటికి పట్టునది ఒక్క నిమిషము.