కొలబద్దా, మనిషీ

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు, వలపు సిగ్గెరగదు అని మన సామెత. ఆ వలపుకే సంఘం సిగ్గు నేర్పితే ఆకలి ఏమవుతుందో సామెత చెప్పలేదు. పురుషుల్ని ప్రేమించే పురుషులు నేడు తమను గే అనీ, బైసెక్సువల్ అనీ చెప్పుకుంటున్నారు. వారిలో కొందరు తిండి మానుకుంటున్నారు. కొందరు అదుపు తప్పి తిని, బలవంతాన కక్కుకుంటున్నారు. మరికొందరు కండల కోసం ఒంటిని హింసించుకుంటున్నారు. ఇతర పురుషులకంటే వీరిలో ఇలాంటి రుగ్మతలు ఎక్కువని న్యూయార్కులో ఫెల్డ్‌మన్, మేయర్ జరిపిన పరిశోధన 2007లో చూపించింది. ఈ బాధను కొలిచేదెలా? ఎవరి కొలబద్దతో? ఇది వైద్యులకు వదిలిపెట్టవలసిన ప్రశ్న మాత్రమే కాదు, న్యాయాన్యాయాలకు సంబంధించిన ప్రశ్న.

కొలబద్ద చరిత్ర చూడండి. 1689లో ఇంగ్లండు వైద్యుడు రిచర్డ్ మోర్టన్ ఇలా తిండి మాని చిక్కిపోయిన ఇద్దరి గురించి రాశాడు. ఒకరు యువతి, రెండోవారు పదహారేళ్ల కుర్రవాడు. తర్వాతి కాలంలో యువతి మిగిలింది, కుర్రవాడు మరుగున పడ్డాడు. ఇది ఆడవారి జబ్బు అనే ముద్ర పడింది. నెలసరి ఆగిపోవడం 2013 వరకూ అమెరికా వైద్యుల లక్షణాల పట్టికలో ఉండేది. 1982లో స్థిరపడిన ఇరవై ఆరు ప్రశ్నల పట్టికను సరిచూసింది స్త్రీ రోగుల మీదనే. 1994లో వచ్చి నేటికీ వాడుకలో ఉన్న మరో ప్రశ్నావళి బరువు తగ్గాలని ఉందా, పొట్ట చదునుగా ఉండాలని ఉందా అని అడుగుతుంది. ఛాతీ పెరగాలని నిద్రాహారాలు చెడగొట్టుకునేవాడు వాటికి లేదు అని జవాబిస్తాడు. కాగితం మీద అతను ఆరోగ్యవంతుడే! కండల మోజును కొలిచే ప్రశ్నలు 2000లో విడిగా వచ్చాయి.

దొరకలేదంటే లేదని అర్థమా? మన బేగంపేటే దీనికి జవాబు చెబుతుంది. ఇక్కడ రొనాల్డ్ రాస్ ఎన్నో దోమల్ని కోసి చూశాడు, మలేరియా జాడ కనబడలేదు. దోమకూ మలేరియాకూ సంబంధం లేదని అతను తీర్మానించలేదు. తాను చూస్తున్న దోమ జాతి వేరు కావచ్చునని అనుమానించాడు. 1897 ఆగస్టు 20న రెక్కల మీద మచ్చలున్న మరో జాతి దోమలో ఆ జాడ పట్టుకున్నాడు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. 1902లో నోబెల్ బహుమానం రాస్‌కు ముట్టింది.

ఈ కథలో రెండు పాఠాలున్నాయి. కొలత తప్పినప్పుడు మనిషికన్న ముందు కొలబద్దను శంకించాలి. ఎవరి ఒంటి మీద విజ్ఞానం పెరుగుతుందో వారికి అందులో పాలుండాలి. పైగా దోమ తనను చూస్తున్నారని దాచుకోదు, మనిషి దాచుకుంటాడు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పేదాకా, పెద్దవారు ఇష్టపడి పెట్టుకున్న ఇలాంటి సంబంధం కూడా 377వ సెక్షను కింద నేరమే. నిజం చెబితే నేరస్థుడయ్యేవాణ్ణి నిజం చెప్పమని అడగడం ఏ శాస్త్రం? తీర్పు వచ్చింది గాని ఇంట్లో, హాస్టల్లో, పెళ్లిచూపుల్లో భయం పోలేదు.

మన దేశంలో మరో చిక్కు ఉంది. పూట మానావా అని అడిగితే శనివారం ఒక్కపొద్దు అనవచ్చు. ఇంటిల్లిపాదీ మెచ్చుకుంటారు. భక్తి చాటున బాధ దాగుతుంది. ఇంగ్లీషు ప్రశ్నను తెలుగులోకి దించితే చాలదు. ఎందుకు మానావు, అద్దంలో నీకు నువ్వు ఎలా కనబడుతున్నావు, ఎవరి మాట నిన్ను గుచ్చింది అని అడగాలి. ఆ ప్రశ్నలు కూర్చే చోట ఆ బాధ పడినవారు కూర్చోవాలి.

తిండి దొరకనివారున్న దేశంలో తిండి మానినవారి గోడెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. అయితే కూడు దొరకనివ్వని వ్యవస్థే, దొరికిన కూడును గొంతు దిగనివ్వని సిగ్గును కూడా తయారుచేస్తున్నది. ఒక చేత్తో వెక్కిరించి, మరో చేత్తో కండలు పెంచే పొడి డబ్బాలు అమ్ముతున్నది. జిమ్ముకు వెళ్లే కూలి కుర్రవాడూ ఆ డబ్బా కొంటున్నాడు. ఒక ఆకలిని చూపించి మరో ఆకలిని నోరు మూయించడం అభ్యుదయం కాదు.

ఇంకొక ప్రమాదాన్నీ గుర్తించాలి. రేపు సరైన కొలబద్దే వచ్చి సంఖ్య పెద్దదని తేలితే, చూశారా, ఆ ప్రేమే జబ్బు అనేవారు బయలుదేరుతారు. అమెరికా మానసిక వైద్యులు 1973లోనే ఈ ప్రేమను జబ్బుల పట్టిక నుంచి తొలగించారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తొలగించింది. పత్తి రైతుల ఆత్మహత్యలు లెక్కపెట్టి పత్తి వేయడమే పిచ్చి అంటామా? అప్పుల వాడినీ, ధరల వాడినీ వెతుకుతాం. ఇక్కడా వెతకవలసింది అవమానం ఎక్కడ పుడుతున్నదనే. తరగతిగదిలో నడక చూసి నవ్వే నవ్వు దగ్గర, ఆ నవ్వు విని ఊరుకునే ఉపాధ్యాయుడి దగ్గర ఆ వెతుకులాట మొదలుపెట్టవచ్చు.