వంకర గీతలో నిజముఖం



గడచిన తపస్సు కాలంలో మా విచారణ బంగళా వరండాలో ఒక చిత్రం నకలు తగిలించాను. నల్లని మందపాటి గీతల మధ్య తల వాల్చిన క్రీస్తు ప్రభువు. మెడ వంగి, ముక్కు సాగి, కనురెప్పలు దిగిపోయి ఉన్నాయి. జపమాల ముగించుకొని వచ్చిన ఒక పెద్దావిడ దానిని చూసి, "ఫాదరుగారూ, మన ప్రభువును ఇంత వికారంగా గీయడం పాపం కాదా?" అని అడిగారు.

ఇది తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. మానవుడు దేవుని పోలికలో సృజింపబడినాడని మన విశ్వాసం. ఆ పోలికను వంకర చేసే హక్కు చిత్రకారునికి ఎవరిచ్చారు?

ఆ చిత్రకారుడు జార్జ్ రువో. 1871లో పారిస్‌లో జన్మించిన కతోలిక విశ్వాసి. పద్నాలుగవ యేట రంగుటద్దాల పనిలో చేరాడు. దేవాలయ కిటికీలలో గాజు ముక్కలను పట్టి ఉంచే సీసపు పట్టీ వంటి నల్లని గీత కడదాకా ఆయన చేతిలో నిలిచిపోయింది. 1912లో తండ్రి మరణం, 1914లో ప్రపంచ యుద్ధం. ఆ దుఃఖంలో నుండే 'మిసెరేరె' అనే 58 అచ్చుచిత్రాల మాల పుట్టింది. ఆ లాటిను మాటకు 'కరుణింపుము' అని అర్థం. రాగి పలకలను ఆమ్లంతో కొరికించి, గీకి, మళ్ళీ మళ్ళీ దిద్దాడు. 1927 నాటికి అచ్చు ముగిసినా, మాల వెలువడింది 1948లోనే. కనుక ఆ వంకర చేతగానితనమూ కాదు, తొందరపాటూ కాదు.

అయితే వంకర గీతలన్నీ ఒకటేనా? హిట్లరు కాలపు జర్మనీలో యూదుల ముఖాలను వికృతంగా గీసి పత్రికలలో అచ్చువేశారు. అక్కడా ముక్కు సాగింది, ఇక్కడా సాగింది. కాని అక్కడి గీత పొరుగువానిని అసహ్యించుకోమని నేర్పింది. రువో గీత, ఆ దెబ్బ తగిలింది నీ సోదరునికే సుమా అని చూపుతుంది.

బుద్ధి వస్తువుతో సరిపడటమే సత్యమని పునీత అక్వినాసు తోమాసు వద్ద సెమినరీలో నేర్చుకున్నాం. కొరడా దెబ్బలు తిన్న దేహాన్ని నున్నగా, తెల్లగా గీస్తే కొలతలు సరిపోవచ్చు, సత్యం సరిపోదు. యెషయా గ్రంథం 53వ అధ్యాయంలోని బాధామయ సేవకుడు చూపరులను ఆకర్షించే రూపసి కాడు కదా!

ఆ మాలలోనే ఒక విదూషకుని ముఖముంది. దాని పేరు 'వేషం వేసుకోనివారెవరు?' నేడు ఫోనులో ఒక్క మీట నొక్కితే అమ్మ ముఖంలోని ముడతలు మాయమవుతాయి. ఆ ముడతలు మనకోసం పడినవే. ఏది వికృతం, మీరే ఆలోచించండి.

ఇదంతా ఆ పెద్దావిడకు చెప్పబోయాను. ఆమె అప్పటికే చిత్రానికి దగ్గరగా జరిగి నిలబడ్డారు. "మా ఇంటాయనకు పక్షవాతం వచ్చినప్పుడు మూతి ఇలాగే పక్కకు పోయింది ఫాదరుగారూ. చుట్టాలు చూడలేక గోడవైపు చూసేవారు" అన్నారు.

నా మాట ఆగిపోయింది. దివ్యసత్ప్రసాదం ఇవ్వడానికి వారి ఇంటికి వెళ్ళిన రోజున నేనూ గోడవైపే చూశాను. ఆమె నన్నేమీ అనలేదు.

ప్రియులారా, మీ వీధిలోనూ అలా మంచాన పడినవారు ఉండవచ్చు. ఈ వారం వెళ్ళి పలకరించండి. కూర్చున్నంతసేపూ ఆ ముఖాన్నే చూడండి. నేనూ నేర్చుకుంటున్నాను.