దెబ్బ తెలియని మత్తు



సామెతలు 23వ అధ్యాయపు ముగింపులో ఒక త్రాగుబోతు కనబడుచున్నాడు. తనకు గాయమెప్పుడు తగిలెనో అతడెరుగడు. మత్తు వదలగానే మరల పాత్రనే వెదకును. ఈ మాసము ఆ భాగమును హెచ్.ఐ.వి. వ్యాధి విషయమై ధ్యానింతము. ఇది మనకు దూరమైనది కాదు. 1986లో మద్రాసులో సేకరించిన రక్తమునందు ఈ క్రిమి మన దేశములో మొదట కనుగొనబడినది చిత్తూరునకు పొరుగుననున్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలోనే.

ఈ వ్యాధిగలవారందరు త్రాగుబోతులు కారు. మద్యము ఈ క్రిమిని పుట్టించదు. అయితే అది వివేకమును నిద్రపుచ్చును. కూలి డబ్బులు చేతబడిన రాత్రి త్రాగినవాడు ఎక్కడికి పోయెనో, జాగ్రత్తపడెనో లేదో తెల్లవారిన తరువాత ఎరుగడు. క్రిమి ప్రవేశించినను ఏండ్లతరబడి గుర్తులు కనబడకపోవచ్చును. ఇంతలో ఏమియు ఎరుగని భార్యకు, ఆమె ద్వారా బిడ్డకును అది సోకవచ్చును.

వ్యాధి వచ్చిన తరువాత కూడ త్రాగుడు కీడే చేయును. 2004 నుండి ప్రభుత్వము ఏ.ఆర్.టి. మాత్రలను ఉచితముగా ఇచ్చుచున్నది. తిరుపతి రుయా ఆసుపత్రిలోను అవి లభించును. దినదినము తప్పక మ్రింగి, క్రిమి పరీక్షకు అందనంతగా తగ్గి అట్లే నిలిచినయెడల, దాంపత్యము వలన రెండవవారికి సోకదు. కాని మత్తులోనున్నవాడు మాత్ర మరచును. మరికొందరు త్రాగితిమి గనుక ఈ రాత్రి మాత్ర వద్దని మానుదురు. ఇది అపాయము. మాత్రలు తప్పినకొలది క్రిమి మందునకు లొంగదు; బలహీనమైన దేహములో క్షయయు ప్రవేశించును. త్రాగినందున మాత్ర మానవద్దు. మాత్ర నిమిత్తము త్రాగుడు మానవలెను.

సంఘమా, మన పని ఏమి? గాయపడినవాడు ఆ దారిని ఎందుకు వచ్చెనని మంచి సమరయుడు అడుగలేదు. కట్లుకట్టి సత్రమునకు చేర్చెను. ప్రభువు బల్లయొద్ద ఒకే పాత్రలో పుచ్చుకొనినందున గాని, చేయి కలిపినందున గాని ఈ వ్యాధి అంటదు. కావున ఎవరిని వెనుకకు నెట్టవద్దు. ప్రార్థన మనవియను పేరుతో వారి రహస్యమును ఊరంతయు చాటవద్దు. 2017 నాటి చట్టము కూడ అట్లు చేయరాదనుచున్నది. పెద్దలారా, పరీక్షకు భయపడువానితో కూడ ఆసుపత్రికి వెళ్లుడి. తల్లులారా, త్రాగుడు మాన యత్నించువాని యింటికి సాయంకాలము వెళ్లి ప్రార్థించుడి. అతనికి కష్టమైన గడియ అదే.

అట్టి ప్రేమను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.