కొండకొచ్చే డాక్టరుకు ఎంత ఇవ్వాలి?

పెద్దయ్యాక ఏమవుతారని బడిలో అడిగితే ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురు 'డాక్టరు' అంటారు. చప్పట్లు కొట్టిస్తాం. "బాగా చదువుకుని మన ఊరికే రావాలి" అని కూడా చెబుతాం. ఈ ఏడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి అడిగింది: "సార్, పట్నంలో డాక్టర్లకు చాలా డబ్బులొస్తాయంట కదా. మేం మాత్రం తక్కువకే ఇక్కడ చెయ్యాలా?"

అప్పుడు మా దగ్గర జవాబు లేదు. అందుకే ఆ ప్రశ్నను తోటి ఉపాధ్యాయుల ముందు, చదువుకుంటున్న మన పిల్లల ముందు పెడుతున్నాం.

ముందు లెక్క చూద్దాం. కేంద్ర ప్రభుత్వ వైద్య సర్వీసులో ఎంబీబీఎస్ డాక్టరు మూలవేతనం 56,100 రూపాయల దగ్గర, స్పెషలిస్టుది 67,700 రూపాయల దగ్గర మొదలవుతుంది. ప్రైవేటు ప్రాక్టీసు చేయనందుకు మూలవేతనంలో 20 శాతం అదనంగా ఇస్తారు. మూలవేతనం ఢిల్లీలోనైనా మారుమూల ఊళ్ళోనైనా ఒకటే. మారేవి భత్యాలు. ఇంటి అద్దె భత్యం పెద్ద నగరాల్లో 30 శాతం, మధ్యరకం నగరాల్లో 20 శాతం, మిగతా ఊళ్ళలో 10 శాతం. పల్లెలో అద్దె తక్కువే కదా అంటారు. నిజమే. కానీ ఏజెన్సీకి వచ్చిన డాక్టరు పిల్లల చదువు కోసం పట్నంలో ఒక ఇల్లు, తన కోసం ఇక్కడ ఒక గది పెట్టుకోవాల్సి వస్తుంది.

ప్రైవేటు సంగతి వేరు. పట్నంలో గుండె డాక్టరుకో, ఎముకల డాక్టరుకో రోగులు, ఆపరేషన్లు పెరిగేకొద్దీ ఆదాయం పెరుగుతుంది. ఫీజు కట్టగలిగేవాళ్ళు ఎక్కడుంటే స్పెషలిస్టులూ అక్కడే ఉంటారు. జబ్బులు ఎక్కడ ఎక్కువున్నాయన్నది ఆ లెక్కలోకి రాదు. మలేరియా, రక్తహీనత, సికిల్ సెల్ మన దగ్గరున్నాయి. ఫీజు కట్టే స్తోమత లేదు.

నిబంధన ప్రకారం మైదానంలో 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉంటే, కొండ, గిరిజన ప్రాంతాల్లో 80,000 మందికే ఒకటి ఉండాలి. అందులో సర్జను, ఫిజీషియను, కాన్పుల డాక్టరు, పిల్లల డాక్టరు ఉండాలి. 2022 నాటి కేంద్ర గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలోని గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలకు కావలసిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం మంది లేరు. భవనం ఉంది, బోర్డు ఉంది, కుర్చీ ఖాళీ. ఆ ఖాళీ వల్ల ఏం జరుగుతుందో నిండు గర్భిణిని డోలీలో మోసిన మన వాళ్ళను అడగండి.

అందుకే ఎక్కువిచ్చి పిలవడం మొదలైంది. జాతీయ ఆరోగ్య మిషన్ కింద కష్టమైన ప్రాంతాల్లో పనిచేసే డాక్టర్లకు అదనపు భత్యం ఇవ్వవచ్చు. 'ఎంత కావాలో మీరే చెప్పండి, మేమిస్తాం' అనే పద్ధతిలో స్పెషలిస్టులను తీసుకునే వీలు కూడా రాష్ట్రాలకు ఉంది. మన పక్కనే ఉన్న బస్తర్‌లో జిల్లా ఖనిజ నిధి నుంచి కూడా డాక్టర్లకు జీతాలిచ్చారు. అంటే ఆదివాసుల నేల నుంచి తవ్వి తీసిన ఖనిజం డబ్బులో కొంత ఆదివాసుల వైద్యానికి వచ్చింది. దాన్ని దయ అనుకోనక్కర్లేదు.

ఈ విషయంలో మన ఊళ్ళలో రెండు మాటలు వింటుంటాం. 'ప్రాణం పోసే మనిషి డబ్బు అడగడమేంటి?' అన్నది ఒకటి. 'డబ్బు పెడితే ఎవరైనా వస్తారు' అన్నది రెండోది.

మొదటి మాట అనేముందు టీచర్లుగా మనల్ని మనం చూసుకోవాలి. ఈ కొండల్లోనే పుట్టాం, ఇక్కడే పనిచేస్తున్నాం. అయినా ఏజెన్సీ అలవెన్సు తీసుకుంటున్నాం. తీసుకోవడం తప్పు కాదు. వాగు దాటి, సిగ్నల్ లేని చోట ఉండి పనిచేస్తే ఆ కష్టానికి కూలి ఉండాలి. మన విషయంలో న్యాయమైనది డాక్టరు విషయంలో దురాశ ఎలా అవుతుంది?

రెండో మాటా సగమే నిజం. డబ్బు డాక్టరును రప్పిస్తుంది, నిలబెట్టలేదు. కాన్పుల డాక్టరు వచ్చినా మత్తు డాక్టరు లేకపోతే, రక్తం దొరక్కపోతే ఆపరేషన్ జరగదు. ఆ తల్లిని మళ్ళీ కిందికే పంపాలి. కువి, కోయ, గోండి, సవర మాటలు తెలియకపోతే నొప్పి ఎక్కడో కూడా సరిగా అర్థం కాదు.

మన పిల్లలే డాక్టర్లయితే ఆ మాట అర్థమవుతుంది, ఊళ్ళో నిలుస్తారు కూడా. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000లో 3వ నంబరు జీవో ఇవ్వడంలో ఉన్న ఆలోచన ఇదే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. జీవో పోయినా, ఊరి మనిషి ఊళ్ళో నిలుస్తాడన్న మాట అబద్ధమైపోలేదు. ఇప్పుడు పాడేరులో, ఆసిఫాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. ఆ సీట్లలో మన పిల్లలు ఎంతమంది కూర్చుంటారన్నది మన బడుల్లో సైన్సు ఎలా చెబుతున్నామన్న దాని మీద కూడా ఉంటుంది.

అయినా ఆ అమ్మాయి ప్రశ్న అలాగే ఉంది. పట్నం పిల్లవాడు డాక్టరైతే 'ఎక్కడ స్థిరపడతావు?' అని అడుగుతాం. మన పిల్ల డాక్టరైతే 'ఊరికి ఎప్పుడొస్తావు?' అంటాం. రోడ్డు వేయనిది, పోస్టు నింపనిది ఆ పిల్ల కాదు. అందరూ కలిసి తీర్చాల్సిన బాకీని ఇక్కడ పుట్టినందుకు ఆమె ఒక్కతే తన జీతంలోంచి తీర్చాలనడం అన్యాయం. అదనపు జీతం మన ప్రాణానికి కట్టిన ధర కాదు. ఇన్నేళ్ళుగా మనల్ని దూరంగా ఉంచినందుకు ప్రభుత్వం కట్టాల్సిన ఖర్చు. వచ్చే డాక్టరు మైదానం నుంచి వచ్చినా మన గూడెం నుంచి వచ్చినా అది కట్టాల్సిందే.

మరుసటి వారం ఆ అమ్మాయికి ఇలా చెప్పాం: "తక్కువకు చెయ్యమని నిన్నెవరూ అడగకూడదమ్మా. మేమూ అడగం. నువ్వు పట్నంలో ఉన్నా మా పిల్లవే. ఇక్కడికి వస్తానంటే మాత్రం నీకు పూర్తి జీతం, ఉండడానికి క్వార్టరు, పక్కన మత్తు డాక్టరు ఉండేలా గ్రామసభలో అడగడం మా పని."

ఆమె కాసేపు ఆలోచించి, "అయితే ఇప్పట్నుంచే అడగండి సార్" అంది.