ధర్మానికి సెలవులున్నాయా?

సముద్రపు ఒడ్డున వారం రోజులు కాళ్ళు చాపుకుని కూర్చుని వచ్చినవాడు ధర్మం గురించి వ్యాసం రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. మొదట నాకూ నవ్వే వచ్చింది. కాని "ఏదైనా రాయండి డాక్టరుగారూ, మందుల సంగతి మాత్రం వద్దు" అని సంపాదకులు పట్టుబట్టిన నాటినుంచీ, ఆ ఇసుకలో కూర్చున్నప్పుడు పుట్టిన ఒక ప్రశ్నే మళ్ళీ మళ్ళీ మనసులో మెదులుతున్నది. అందుచేత దాన్నే మీ ముందు పెడుతున్నాను.

కిందటి వేసవిలో, పిల్లల బడి సెలవులకి, మేము నలుగురం కోస్ ద్వీపానికి వెళ్ళాం. మధ్యధరా సముద్రంలో ఏజియన్ అనే భాగంలో, టర్కీ తీరానికి అతి దగ్గరగా ఉన్న గ్రీకు ద్వీపం అది. ఉత్తరపు ఒడ్డున టిగాకి అనే చిన్న ఊళ్ళో దిగాం. లేత రంగు ఇసుక, చాలా దూరం వరకూ లోతులేని నీళ్ళు, వేసవంతా ఉత్తరం నుంచి వీచే మెల్టెమి గాలి. ఎదురుగా ప్సెరిమోస్, కాలిమ్నోస్ ద్వీపాలు, కుడివైపున టర్కీ కొండలు కనిపిస్తుంటాయి. దాల్చినచెక్కతో చేసే కనెలాడా అనే ఎర్రటి చల్లని పానీయం అక్కడి ప్రత్యేకత. మా పిల్లలు వారం రోజులూ దానిమీదే బతికారంటే అతిశయోక్తి కాదు.

మన ఇళ్ళలో సెలవంటే ఇండియా ప్రయాణమే గదా. రెండు పెళ్ళిళ్ళు, ఒక గృహప్రవేశం, బ్యాంకు పనులు, చివరి రోజున గుళ్ళో దర్శనం, తిరిగి వచ్చాక విశ్రాంతికోసం మళ్ళీ సెలవు కావాలనిపించే అలసట. ఈసారి అలా కాకుండా సముద్రానికి వెళ్తున్నామని ఫోనులో చెబితే, "సముద్రం చూడ్డానికి అంత దూరం వెళ్ళాలా నాయనా, విశాఖలో లేదూ?" అంది మా అమ్మ. నిజమే. విశాఖలో వైద్యం చదువుకున్నన్నాళ్ళూ సముద్రం పక్కనే ఉంది. కాని ఇసుకలో ఒక్క రోజంతా ఊరికే కూర్చున్న జ్ఞాపకం నాకు లేదు. పరీక్షలూ, వార్డులూ, ఆ తరవాత ఈ దేశం పరీక్షలూ. మా అమ్మాయికి సముద్రానికి తీసుకువెళ్తానని మూడేళ్ళుగా మాట ఇస్తూ, మూడేళ్ళూ తప్పాను.

విమానం ఎక్కేముందే మా ఆవిడ ఒక షరతు పెట్టింది. "ఏవండీ, ఈ వారం రోజులూ మీరు డాక్టరు కారు. పిల్లల తండ్రి మాత్రమే. సరేనా?" సరేనన్నాను. ఆవిడ మాటలో న్యాయం ఉంది. బంధువులు వాట్సాప్‌లో పంపే రక్తపరీక్షల రిపోర్టులు, తెలిసినవాళ్ళకు తెలిసినవాళ్ళ మోకాళ్ళ ఎక్స్‌రేలు, భోజనాల బల్ల దగ్గర కూడా వదలవు. మన సంఘంలోని డాక్టర్ల కుటుంబాలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

అందుచేత రెండో రోజున, పక్క గొడుగు కింద కూర్చున్న ఇంగ్లీషు పెద్దాయన "ఏం పని చేస్తుంటారు?" అని అడిగితే, "ఆఫీసులో కాగితాలు చూసే పని" అన్నాను. చిన్న అబద్ధం. ఎవరికీ నష్టం లేదు. మా అమ్మాయి తలెత్తి ఒకసారి నా మొహం చూసి, మళ్ళీ ఇసుకలో గూళ్ళు కట్టుకోసాగింది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఎండ తీవ్రంగా ఉంది. ఆ పెద్దాయన పడక కుర్చీలోంచి లేచి నిలబడి, రెండడుగులు వేసి, కుప్పకూలిపోయాడు. ఆయన భార్య "ఎవరైనా డాక్టరున్నారా?" అంటూ కేకలు పెట్టింది. చుట్టూ కలయజూసింది. నా వైపు మాత్రం చూడలేదు. ఎందుకు చూస్తుంది? నేను కాగితాలు చూసుకునేవాణ్ణి కదా!

నేను వెంటనే లేచానని రాస్తే బాగుండేది. లేవలేదు. చేతిలో పిల్లవాడి బకెట్టు పట్టుకుని, సుమారు అర నిమిషం అలాగే ఉండిపోయాను. ఇంత జనంలో మరో డాక్టరు ఉండకపోతాడా అనుకున్నాను. చేతిలో ఏ పరికరమూ లేదు, ఇది నా దేశం కాదు, ఏమైనా జరిగితే నా మెడకు చుట్టుకుంటుందేమో అనుకున్నాను. ఇవన్నీ సబబైన కారణాల్లాగే కనిపించాయి. అప్పుడు మా అమ్మాయి, "నాన్నా, ఆవిడ డాక్టరు కావాలంటున్నారు" అంది. అంతే. నువ్వు వెళ్ళవేమని అడగలేదు. షరతు పెట్టిన మా ఆవిడ అప్పటికే లేచి నీళ్ళ సీసా నా చేతిలో పెట్టింది.

నేను చేసింది గొప్ప వైద్యమేమీ కాదు. పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తిపెట్టి, నీడ చేసి, నాడి చూశాను. శ్వాస సరిగానే ఉంది. నిమిషం లోపలే తెలివి వచ్చింది. రక్తపోటు మాత్రలు వేసుకుంటాడనీ, ఉదయంనుంచీ నీళ్ళు సరిగా తాగలేదనీ తెలిసింది. గొడుగులు అద్దెకిచ్చే కుర్రవాడు 112కి ఫోను చేస్తే అంబులెన్సు వచ్చి, పరీక్షలకోసం పట్నంలోని ఆసుపత్రికి తీసుకుపోయింది. సాయంత్రానికి ఆయన తిరిగి వచ్చి, "కాగితాలు చూసేవాడివి, నాడి చూడడం కూడా బాగానే నేర్చావే!" అని నవ్వాడు. ఆయన నవ్వు నాకు తగలవలసిన చోటే తగిలింది. క్షమించమని అడిగాను.

మర్నాడు కోస్ పట్నం వెళ్ళాం. ఆ ద్వీపం హిప్పోక్రటిస్ పుట్టిన ఊరని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. క్రీస్తుకు పూర్వం 460 ప్రాంతంలో పుట్టాడంటారు. కోట పక్కన ఒక పెద్ద ప్లేన్ చెట్టు ఉంది. దాని కొమ్మలు విరిగిపడకుండా ఇనపకడ్డీలతో పోట్లు పెట్టారు. దాని నీడనే ఆయన శిష్యులకు పాఠం చెప్పాడని స్థానికుల నమ్మకం. చెట్టు వయస్సు మాత్రం సుమారు 500 ఏళ్ళేనట. పట్నానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో కొండవాలున అస్క్లెపియాన్ అనే పురాతన వైద్యాలయం శిథిలాలు, మూడు అంతస్తుల మెట్టవేదికలుగా ఉన్నాయి. ఆ మెట్లమీద కూర్చుని, ఆయన పేరుమీద చెలామణీ అయ్యే ప్రమాణాన్ని గుర్తు చేసుకున్నాను. గురువును తండ్రిలా చూడాలి, హాని చేయరాదు, రోగి రహస్యం కాపాడాలి, అడుగుపెట్టిన ప్రతి ఇంటా రోగి మేలే చూడాలి. ఇవన్నీ ఉన్నాయి. కాని ఒడ్డున కూలిపోయిన అపరిచితుడి గురించి అందులో ఒక్క మాటా లేదు!

మన చరకసంహిత విమానస్థానం ఎనిమిదో అధ్యాయంలో శిష్యుడికి చేసే ఉపదేశం ఇంకా కఠినమైనది. లేచినా కూర్చున్నా రోగి క్షేమమే కోరాలనీ, తన ప్రాణంకోసమైనా రోగికి ద్రోహం తలపెట్టరాదనీ దాని భావం. ఆ లెక్కన వైద్యుడికి సముద్రమూ లేదు, సెలవూ లేదు. అయితే ప్రపంచ వైద్య సంఘం 1948లో జెనీవాలో చేసిన ప్రతిజ్ఞను 2017లో సవరిస్తూ కొత్త వాక్యం ఒకటి చేర్చారు. రోగికి మేలైన వైద్యం అందించడానికి వైద్యుడు తన ఆరోగ్యాన్నీ క్షేమాన్నీ కూడా చూసుకుంటానని ప్రమాణం చెయ్యాలట. అంటే విశ్రాంతి విలాసం కాదు, అదీ ఒక కర్తవ్యమే.

ఇది నాకు అనుభవంమీద తెలుసు. వరుసగా రాత్రి డ్యూటీలు చేసిన ఒక తెల్లవారుజామున ఒక మందు మోతాదు తప్పు రాశాను. ఫార్మసిస్టు పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఆ రోజు నన్ను ఇంటికి వెళ్ళి పడుకోమన్నవారు ధర్మం చెప్పినట్టే. కనుక ఎప్పుడూ అందరికీ అందుబాటులో ఉండేవాడే ధర్మాత్ముడన్న మాట నేను ఒప్పుకోను. పైగా వైద్యుడి ధర్మం ఒక్కటే ధర్మం కాదు. ఇసుకలో బకెట్టుతో ఎదురుచూస్తున్న పిల్లవాడికి తండ్రి కూడా బాకీ ఉంటాడు.

చట్టం ఏమంటుంది? ఇంగ్లండు చట్టంలో దారినపోయే అపరిచితుణ్ణి ఆదుకోవలసిన సాధారణ బాధ్యత లేదు. గ్రీసులో, ఐరోపాలోని మరికొన్ని దేశాల్లో, తనకు ప్రమాదం లేకుండా చేయగల సహాయం చేయకపోవడం నేరం. ఇక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్ నియమావళి మాత్రం, ఆసుపత్రి బయటైనా సరే అత్యవసరమైతే డాక్టరు సహాయానికి ముందుకు రావాలంటుంది. అయితే తన భద్రతనీ, తన సామర్థ్యాన్నీ, అక్కడ దొరికే ఇతర సహాయాన్నీ లెక్కలోకి తీసుకోమంటుంది. కాని నన్ను కుర్చీలోంచి లేపింది ఈ నియమావళి కాదు. అప్పుడది నాకు గుర్తుకైనా రాలేదు.

మరొక సంగతి చెప్పి ముగిస్తాను. ఆ ఒడ్డునుంచి కనిపించే టర్కీ కొండలు, ద్వీపానికి బాగా దగ్గరైన చోట నాలుగయిదు కిలోమీటర్ల దూరమే. సరైన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు బోడ్రుమ్‌నుంచి గంట లోపల పడవలో వచ్చి, భోంచేసి వెళ్ళిపోతారు. 2015 వేసవిలో ఆ కాస్త నీటినే సిరియా, అఫ్గానిస్తాన్ వంటి దేశాల వేలమంది రాత్రిపూట రబ్బరు పడవల్లో దాటారు. ఆ సెప్టెంబరు 2న బోడ్రుమ్ దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన రెండేళ్ళ పిల్లవాడి ఫోటో లోకమంతా చూసింది. వాళ్ళ పడవ బయలుదేరింది కోస్‌కే. ఆ సంగతి తెలిశాక మా పిల్లవాడు నీళ్ళలో గంతులు వేస్తుంటే చూసి ఆనందించడం తప్పేమో అనిపించింది. మా హోటలు యజమానిని అడిగాను. ఆయన ఇలా అన్నాడు: "ఆ ఏడు చాలామంది ఇదే అడిగారు, ఈదవచ్చునా అని. ఈదండి, మీరు ఈదకపోతే ఎవరికీ మేలు జరగదు. కాని రెండో జత చెప్పులుంటే ఇచ్చి వెళ్ళండి అని చెప్పాను."

నా ప్రశ్నకు సమాధానం ఆయన దగ్గరే దొరికిందనుకుంటాను. సెలవు ఉద్యోగానికి దొరుకుతుంది. అది మనకు న్యాయంగా రావలసిందే, సిగ్గుపడకుండా తీసుకోవాలి. మోకాళ్ళ రిపోర్టు సోమవారం దాకా ఆగుతుంది. ఆగగలిగిన దానికి ఆగమని చెప్పడం నిర్దయ కాదు. కాని ఆగలేనిది ఎదుట పడ్డప్పుడు, అది మనకు చేతనయిన పని అయి, దగ్గరలో చెయ్యగలవాళ్ళు వేరెవరూ ముందుకు రానప్పుడు, ఆ నిమిషానికి సెలవు లేదు. ఇది డాక్టర్లకే పరిమితం కాదు. ఇంజనీరుకీ, ఉపాధ్యాయుడికీ, ఇంగ్లీషు ఫారం నింపడం తెలిసిన ప్రతివారికీ వర్తిస్తుంది.

ఇక నా తప్పు ఆ అర నిమిషం కాదేమో. వెనకాడడం మానవ సహజం. రెండో రోజున చెప్పిన అబద్ధమే అసలు తప్పు. "సెలవులో ఉన్నాను, మన్నించండి" అని ఉంటే పెద్దాయన అర్థం చేసుకునేవాడు. నేను సెలవు అడగకుండా, నేను నేను కాకుండా దాక్కున్నాను. అందుకే ఆవిడ కళ్ళు నన్ను దాటి వెళ్ళిపోయాయి.

ఇంటికి వచ్చాక మా అమ్మాయి, "వచ్చే ఏడు కూడా సముద్రానికి వెళ్దామా నాన్నా?" అని అడిగింది. వెళ్దామన్నాను. "అప్పుడు ఎవరైనా అడిగితే ఏమని చెబుతావు?" అంది. డాక్టర్నని, సెలవులో ఉన్నానని చెబుతానన్నాను. ఆ జవాబు దానికి నచ్చినట్టే ఉంది. పాఠకులకు ఎలా ఉందో, మీ అనుభవాలేమిటో పత్రికకు రాస్తే చదవాలని ఉంది.